నాకొచ్చిన ఒకే ఒక్క ఇంగ్లీషు మాట

ఇప్పుడు మా మనవరాలు ఫోనులో గుక్క తిప్పుకోకుండా ఇంగ్లీషు మాట్లాడుతుంటే ముచ్చటగా వింటూ కూర్చుంటాను గానీ, ఆ రోజుల్లో మా వైపు ఇంగ్లీషంటే తహసీల్దారుగారి జీపులాంటిది. ఎప్పుడో ఒకసారి ఊరి మీదుగా పోయేది, మాకు దుమ్ము మాత్రం మిగిలేది. ఆత్మకూరుకు ఆరు మైళ్ల దూరంలో, కృష్ణ ఒడ్డుకు కాస్త ఎగువన మా ఊరు. మాది గొర్రెలు కాసే ఇల్లు. ఉర్దూలో అక్షరాలు దిద్ది, సగంలో తెలుగులోకి మారిన తరం మాది. ఆ మారడంలో ఇంగ్లీషు నా చేతిలోంచి ఎక్కడో జారిపోయింది. మెట్రిక్‌లో మిగతావన్నీ గట్టెక్కినా ఇంగ్లీషులో రెండుసార్లు తప్పాను. రెండోసారి ఫలితాలు వచ్చిన రోజున మా నాయిన కోప్పడలేదు, కొట్టలేదు. మూలనున్న కర్ర తెచ్చి నా ముందు పెట్టి, "మూడోసారి గూడ తప్పితివా, గిది పట్టి మంద ఎంబడి నడువు" అన్నాడు. ఆయన ఒక మాట అంటే దాన్ని మళ్లీ వెనక్కి తీసుకునే అలవాటు లేదు.

నాకు ఇంగ్లీషు బొత్తిగా రాదని అనుకోకండి. ఒక మాట వచ్చు. దాని కథ చెప్పాలి. మా హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే ఆయన్ని అందరం గుంటూరు సారు అనేవాళ్లం (ఆ పేరు ఆయనకు తెలుసు, తెలియనట్టు ఉండేవారు). ఒకరోజు క్లాసులో నన్ను లేపి 'గెట్' అంటే ఏమిటని అడిగారు. గైడులో ఉన్నట్టు 'పొందుట' అన్నాను. అయితే 'గెట్ అప్' అంటే పైకి పొందుటా అని అడిగారు. అవునన్నాను. 'గెట్ డౌన్' అంటే కిందికి పొందుటా అంటే దానికీ అవుననే అన్నాను. ఆయన బెత్తం ముట్టుకోలేదు. స్టాఫ్ రూములోని లావుపాటి డిక్షనరీ నా చేతిలో పెట్టి, ఆ ఒక్క మాటకూ ఉన్న అర్థాలన్నీ వాక్యాలతో సహా సోమవారానికి రాసుకు రమ్మన్నారు. రాసేసరికి నోటుబుక్కులో పదకొండు పేజీలు పట్టింది. ఇంత కష్టపడి రాశాక వదిలేయడం ఎందుకని మొత్తం బట్టీ పట్టేశాను. మిగతా డిక్షనరీ జోలికి మాత్రం పోలేదు.

ఇంట్లో అవ్వ అరుగు మీద కూర్చుని ఉన్ని వడుకుతుంటే ఆమె ముందు అప్పజెప్పేవాడిని. లేచుట, దిగుట, ఎక్కుట, తెచ్చుట, చేరుట, జబ్బు తగులుట, జబ్బు నయమగుట, పెళ్లియగుట, ముసలియగుట, అర్థమగుట. అవ్వ శ్రద్ధగా విని, "గదేం మాటరా, ఊరుమ్మడి బాయి లెక్కున్నది. ఎవలు చేదుకుంటే వాళ్లకు నీళ్లు" అనేది. నాయినకు మాత్రం ఆ మాట నచ్చలేదు. లేచినా అదే, దిగినా అదే అయితే అలాంటి మాట మీద భరోసా ఎట్లా పెడతారని ఆయన అనుమానం. ఊళ్లోవాళ్లు నాకు 'గెట్ పంతులు' అని పేరు పెట్టారు. దారిన పోతుంటే, ఈ రోజు నీ గెట్‌కు ఎన్ని పిల్లలు పుట్టాయని అడిగేవాళ్లు. (నవ్వేవాడిని. లోపల మాత్రం కుతకుతలాడిపోయేవాడిని.)

అది మిరుగు (అదే, మృగశిర) కార్తెకు వారం ముందు. తొలకరి పడి లేతగడ్డి మొలిచిందంటే మా గొర్రెలకు చిటుకు రోగం పట్టుకునేది. పొద్దున గంతులేసిన గొర్రె మధ్యాహ్నానికి కాళ్లు చాపేసేది. ముందటేడు మా మందలో ఎన్ని పోయాయో నాయిన ఎవరికీ చెప్పలేదు గానీ, రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ ఏడు మాత్రం వానలకు ముందే సూదిమందు వేస్తారని, అందుకోసం ఏదో చల్లటి దేశం నుంచి గొర్రెల డాక్టరమ్మ వచ్చిందని కబురొచ్చింది. చెప్పిన రోజున ఆమె వచ్చింది కూడా. అయితే జీపులో కాదు, ఎడ్లబండి మీద. దారిలో జీపు టైరు పంచరైంది. డ్రైవరూ, ఇంగ్లీషు వచ్చిన కాంపౌండరూ దాన్ని బాగుచేయించడానికి వెనక్కి పోయారు. మందు పెట్టెలో ఐసు కరిగిపోతే మందు పనికిరాదని ఆమె ఆగలేక, పెట్టె ఒళ్లో పెట్టుకుని కట్టెల బండి ఎక్కేసింది. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. మా ఊళ్లో ఇంగ్లీషు పరిస్థితి పైన మనవి చేసుకున్నాను.

కంప నాటిన దొడ్డిలో మా మంద ఉంది. ఊరంతా చుట్టూ మూగింది. ఆమె పెట్టె మూత తీసి చూసి, నాయిన వైపు తిరిగి ఎన్ని గొర్రెలని అడిగింది. అది నాకు అర్థమై నాయినకు చెప్పాను. నాయిన ముఖం మాడిపోయింది. మా గొల్లల్లో మంద లెక్క పైకి చెప్పరు. చెబితే మంద తరుగుతుందని నమ్మకం. తాత ముత్తాతల నుంచి ఎవరూ పైకి చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆమె మాత్రం ఉన్న సీసాలు చాలుతాయో లేదో తేల్చుకోవాలి గదా, నాయిన పలక్కపోయేసరికి తానే వేలు చాపి వన్, టూ, త్రీ అని మొదలుపెట్టింది. అంతే, నాయినా, ఎప్పుడూ తలకు ఎర్ర రుమాలు చుట్టుకుని తిరిగే మా మామా ఇద్దరూ ఒక్క ఉదుటున లేచి, గొంగడి చెరో కొస పట్టుకుని ఆమెకూ గొర్రెలకూ మధ్య అడ్డంగా పరదా కట్టేశారు. ఆమె ఇటు జరిగితే పరదా ఇటు జరిగింది, అటు పోతే అటు పోయింది. కాసేపు అలా ఆడి ఆడి, ఆమె ఎర్రబడిన ముఖంతో పెట్టె మూత టపీమని వేసింది. "పోతె పోనియ్యి. మంద తరిగినంక సూది ఎవలికి" అన్నాడు నాయిన.

ఆమె బండి వైపు నడుస్తోంది. పెట్టె అడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి. ముందటేడు ఆ రెండు రోజులు నాయిన గోడకు ఆనుకుని కూర్చున్న తీరు నాకు కళ్ల ముందు కనబడింది.  పరుగెత్తి ఆమెకు అడ్డంగా నిలబడ్డాను. నోట్లో ఉన్నది ఒకటే మాట, దాన్నే బయటికి తీశాను.

"మేడమ్, నో కౌంట్. కౌంట్, షీప్ గెట్ లెస్. ఫాదర్ గెట్ యాంగ్రీ. గాడ్ గెట్ యాంగ్రీ."

ఆమె నన్నూ, గొంగడి పట్టుకుని ఇంకా అలాగే నిలబడిన ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత మెల్లగా, "ఐ గెట్ ఇట్" అంది. అర్థమగుట, నా నోటుబుక్కులో ఏడో పేజీ. ఆ క్షణంలో నాకు ఎంత సంతోషం కలిగిందంటే, నేను రాసిపెట్టుకున్న మాట ఒక మనిషి నోట్లోంచి ప్రాణంతో లేచి వచ్చి నన్ను పలకరించినట్టు అనిపించింది. ఆ పైన ఆమె నవ్వుతూ చాలాసేపు ఏదో చెప్పింది. అందులో నాకు గ్రాండ్ మదర్ అనే మాట, కోళ్లు అనే మాట దొరికాయి. వాళ్ల అవ్వ కూడా కోళ్లను లెక్కపెట్టనిచ్చేది కాదని తేల్చుకుని గట్టిగా తల ఊపాను.

ఇక లెక్క లేకుండా పని ఎలా? మా నాయిన రోజూ సాయంత్రం దొడ్డి సందులో కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి, గొర్రెలను ఒక్కొక్కటిగా మోకాళ్ల మధ్య నుంచి లోపలికి వదులుతాడు. నోట అంకె రాదు, ముఖాలు చూస్తాడు. ఏది తప్పిపోయిందో ఇట్టే పసిగడతాడు. అదే పద్ధతిలో బయటికి వదలమన్నాను. ఆమెకు, "గెట్ వన్ బాటిల్. బాటిల్ గెట్ ఎంప్టీ, గెట్ వన్ మోర్" అన్నాను. అంటే గొర్రెలను కాదు, సీసాలను లెక్కపెట్టుకోమని. సీసాలు తరిగితే మాకు అభ్యంతరం లేదు. నాయిన పట్టాడు, ఆమె పొడిచింది, ఎర్ర రుమాలు మామ సూది పడిన గొర్రె నుదుట జాజుతో, అంటే ఎర్రమట్టితో, బొట్టు పెట్టాడు. మధ్యలో నిలబడి నేను గెట్ ది లెగ్, గెట్ బ్యాక్, గెట్ రెడీ అని కేకలేశాను. పొట్టేలు ఒకటి ఆమెను కుమ్మబోతే గెట్ అవుట్ అన్నాను (అది పొట్టేలుతో అన్నాను, ఆమెతో కాదు). ఊరి మిగతా రెండు మందలవాళ్లు కూడా అప్పటికి తమ దొడ్ల ముందు వరసగా నిలబడ్డారు. నిన్నటిదాకా నన్ను వెక్కిరించినవాళ్లే, "పంతులూ, జర మా దిక్కు గూడ ఒక గెట్ కొట్టు" అని బతిమాలారు.

కాంపౌండరు వచ్చేసరికి పని ముగిసింది, పెట్టెలో ఐసు నీళ్లయింది. ఆయన నన్ను పక్కకు పిలిచి ఇంగ్లీషు ఎంతవరకు చదివావని అడిగాడు. 'గెట్' వరకు అని నిజమే చెప్పాను. ఆయన అది వినయం అనుకున్నాడు.

మిరుగు బ్రహ్మాండంగా కురిసింది. గడ్డి మొలిచింది. చుట్టుపక్కల ఊళ్లలో చిటుకు రోగం మళ్లీ వచ్చింది. మా ఊరి మూడు మందల్లో ఒక్క గొర్రె పడలేదు. సెప్టెంబరులో మూడోసారి పరీక్ష రాశాను. కావలసిన మార్కుల కంటే రెండు ఎక్కువే వచ్చాయి. మహబూబ్‌నగర్‌లో టీచరు ట్రైనింగులో సీటు దొరికింది. బయలుదేరే రోజు నాయిన మందను మామకు అప్పజెప్పి, నా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని బస్సు దాకా వచ్చాడు.  బస్సు కనబడ్డాక పెట్టె దించి, అటూ ఇటూ చూసి, నా మెడ మీద చెయ్యేసి దగ్గరికి లాక్కుని చెవిలో ఒక అంకె చెప్పాడు. నాకు మొదట అర్థం కాలేదు.

"మన మంద లెక్క. మా నాయిన నాకు జెప్పిండు, నేను నీకు జెప్తున్న. ఏడ అనకు" అన్నాడు.

ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. ఎన్నో మాటలు నేర్చుకున్నాను, అందులో చాలావరకు మళ్లీ మరిచిపోయాను. నాయిన పోయాడు, మంద పోయింది, దొడ్డి ఉన్న జాగాలో ఎవరివో ఇళ్లు లేచాయి. ఇప్పుడు ఆ అంకె పైకి చెప్పినా తరగడానికి ఒక్క గొర్రె కూడా లేదు. మొన్న మా మనవరాలు ఎంతో గారాలు పోతూ అడిగింది. దానికీ చెప్పలేదు, మీకూ చెప్పను.