జీడినూనె పట్టించిన సైలెన్సరు

ఆ రోజుల్లో నేను చేసిన పనికి తిరుగుండదని నాకో గట్టి నమ్మకం ఉండేది. వయసు ఇరవై రెండు, చేతిలో డీజిల్ మెకానిక్ సర్టిఫికెట్, పలాసను ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో ఒక షెడ్డులో పని. మనిషికి పొగరెక్కడానికి ఇంతకంటే ఏం కావాలి? ఇప్పుడు అదే కాశీబుగ్గలో నాకంటూ ఒక షెడ్డుంది, పొగరు మాత్రం లేదు. అదెలా దిగిందో తలుచుకుంటే నవ్వొస్తుంది, కాసేపయ్యాక రాదు.

మా మావది (అమ్మకు సొంత తమ్ముడు) ఉద్దానంలో సముద్రానికి దగ్గరగా ఉండే ఊరు. కొబ్బరి తోట, నాలుగు జీడిచెట్లు, మాట్లాడితే ఎదుటివాణ్ణి ఉడికించే నోరు. ఆ చుట్టుపక్కల చాలామందికి పోయినట్టే ఆయనకీ కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి పలాస రావాలి. వచ్చేటప్పుడు షేర్ ఆటోలో ఎలాగో వచ్చేవాడు, తిరిగి వెళ్ళేటప్పుడే నరకం. మెడ నిలవదు, ఏడుగురి మధ్య ఒరగడానికి చోటుండదు. “పడుకొని ఇంటికెల్లే బండుంటే సాల్రా అల్లుడా, ఇంకేటీ అక్కర్నేదు” అన్నాడొకసారి. నేను తయారుచేసి ఇస్తానని అక్కడికక్కడే మాటిచ్చేశాను.

చాసిసు, ఇంజిను ఒక పాత జీపువి. తలుపులు ఇంకో జీపువి. మిగతాదంతా నా వెల్డింగు. మావ కాళ్ళు చాపుకోవాలని వెనక భాగం మూరెడు పొడుగు పెంచి, పరుపు వేశాను. (మా అత్త దాన్ని మొదటిసారి చూసి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, “ఇది ముందుకెల్లేదా, ఎనక్కెల్లేదా” అని అడిగింది.) బాడీ పొడుగు పెంచిన నేను పొగగొట్టం పొడుగు పెంచలేదు. దాని చివర సరిగ్గా మావ తలగడ పెట్టే చోటికి కిందుగా ఆగింది. సైలెన్సరు అతుకుల దగ్గర కూడా చిల్లులున్నాయి. పాత బండి అన్నాక ఆమాత్రం ఉంటుందిలే అనుకున్నాను.

పదిహేనేళ్ళు దాటిన బండి కాబట్టి రవాణా శాఖ బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూసి సరేనంటే తప్ప రోడ్డెక్కించకూడదు. నేను ఆగలేదు. ట్రయలని చెప్పి ఒక డయాలసిస్ రోజున మావను ఎక్కించుకున్నాను. తిరుగు ప్రయాణంలో ఆయన హాయిగా పడుకున్నాడని మురిసిపోతూ నడిపాను. ఇంటి ముందు ఆపి పిలిస్తే పలకలేదు. అత్తా నేనూ కిందికి దించితే వాంతి చేసుకుని, తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. జబ్బు ముదిరిందని అత్త ఏడుపు అందుకుంది. మావ ఒక కన్ను తెరిచి, “జబ్బు కాదే, మన అల్లుడి పొగ” అన్నాడు.

అప్పుడైనా గొట్టం కోసి కొత్తది వేయాలి కదా. వేస్తే నా డిజైను తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. మా వైపు చెక్కపడవల సందుల్లో పీచు కూరి, జీడిపిక్కల తొక్క నుంచి తీసే జీడినూనె పట్టించడం చిన్నప్పుడు చూశాను. సముద్రపు నీళ్ళనే ఆపేది పొగనాపదా అనిపించింది. అతుకులన్నిట్లో కొబ్బరిపీచు కూరి, పైన దట్టంగా జీడినూనె పట్టించాను. ఇంజిను చల్లగా ఉన్నప్పుడు ఒక్క నిమిషం ఆడించి చూశాను. అతుకుల దగ్గర పిసరంత పొగ లేదు. (చల్లటి ఇంజిను మీద నా తెలివి ఎప్పుడూ పనిచేస్తుంది.)

డయాలసిస్ లేని రోజు చూసుకుని, ఇన్‌స్పెక్టరుకు బండి చూపించడానికి టెక్కలి బయలుదేరాం. వద్దంటున్నా వినకుండా, “నా బండి, నానే సూపిత్తాను” అని మావ ముందు సీట్లో కూర్చున్నాడు. దారిలో ఏదో కమురు వాసన వచ్చింది గానీ గాలికి పోయింది. అక్కడ వరసలో ఆపాక మొదలైంది. బండి కింద నుంచి నల్లటి పొగ, ముక్కూ కళ్ళూ మండించే జీడి పొగ. మా వెనక లారీ డ్రైవరు తువ్వాలు మూతికి కట్టుకుని దిగిపోయాడు. ఇన్‌స్పెక్టరు గారు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, “ఇది జీపా, జీడిపిక్కలు కాల్చే పొయ్యా?” అన్నారు. మావ దగ్గుతూ నవ్వాడు, నవ్వుతూ దగ్గాడు. ఆ ఏడాదిలో ఆయన అంతగా నవ్వడం అదొక్కసారే చూశాను.

పొగ తగ్గాక ఇన్‌స్పెక్టరు గారు వెనక పరుపు చూసి, ఇక్కడ ఎవరు పడుకుంటారని అడిగారు. నేను ఆ అవకాశం వదులుకోలేదు. “మా మావండి, కిడ్నీ రోగి సార్. వారానికి మూడుసార్లు పలాస తీసుకెళ్ళాలి. ఈ ఒక్కసారికి చూడండి సార్” అని చేతులు జోడించాను.

“రోగి కాబట్టే ఇవ్వను” అన్నారాయన. “ఆరోగ్యంగా ఉన్నవాడైతే దిగి పారిపోతాడు.”

నా మొహం మాడిపోయింది. తిరిగి వస్తుంటే మావే అన్నాడు: “ఆ బాబు సెప్పింది నిజమేరా. కిడ్నీలకి సచ్చిపోతే ఊరంతా నమ్ముతాది. అల్లుడి పొగకి సచ్చిపోనానంటే మీ అత్త ఎవులికి సెప్పుకుంటాది?”

ఆ వారం గొట్టం మొత్తం కోసేశాను. కొత్త సైలెన్సరు, కొత్త గాస్కెట్లు, బండి వెనక బంపరు దాటి బయటికి వచ్చేంత పొడుగు గొట్టం. కింద రేకు సందులన్నీ వెల్డింగుతో మూసేశాను. మావ షెడ్డులో స్టూలు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. అయిందన్నాక, “అయితే నువ్వు పడుకో, ఇంజిను నానాడిత్తాను” అన్నాడు. తలుపులు మూసి అరగంట ఆడించాడు. ఆ పరుపు మీద వెల్లకిలా పడుకుని, ప్రతి ఊపిరీ వాసన చూస్తూ, కళ్ళు మూసుకోవడానికి భయపడ్డాను. మావ ఆ రోజు నన్ను నమ్మి ఇక్కడే కళ్ళు మూసుకున్నాడు. నాకు చాలా సిగ్గేసింది.

ఈసారి ఇన్‌స్పెక్టరు గారు బండి కిందికి దూరి మరీ చూసి సంతకం పెట్టారు. మావ ఆ బండిలో రెండు వానాకాలాలు తిరిగాడు. నేను మాత్రం దారిలో రెండుసార్లైనా ఆపి వెనక్కి వెళ్ళి చూసేవాణ్ణి. “పొగ నేదురా, నిద్దరొత్తంది. పోనీ” అని విసుక్కునేవాడు.

ఆయన పోయింది ఆస్పత్రిలో, మంచం మీద. బండి ఆ రోజు బయటికే తీయలేదు, మా షెడ్డు ముందే ఉంది. అత్త ఫోను చేసి చెప్పగానే నేను ముందు చేసిన పని ఏడవడం కాదు. టార్చి పట్టుకుని బండి కిందికి దూరి గొట్టమంతా, అతుకు అతుకూ, వేలితో తడిమి చూశాను. ఎక్కడా చిల్లు లేదు. అప్పుడు ఆ కిందే పడుకుని ఏడ్చాను. చచ్చిపోయిన మావకు నా పనితనం రుజువు చేయబోయిన ఆ వెర్రివాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కానీ మళ్ళీ అలాంటి ఫోనే వస్తే, మళ్ళీ ముందు అదే చేస్తాను.