ఒక నంబరు, రెండు నెమళ్లు

దానయ్య ముప్ఫై రెండేళ్లు రాయ్‌పూర్‌లో రైల్వే స్టోర్ చూశాడు. చదివింది ఎనిమిదే. అయినా సామాను చేతికందితే పగులెక్కడుందో చెప్పేవాడు. అందుకే రిటైరైన నర్సు ప్రమీల తన గోడల నిండా ఉన్న పింగాణీ అలంకారపు పళ్లాలకు పట్టిక రాయమని ఆయన్నే పిలిచింది.

ఆదివారం ఆమె దేవేంద్ర నగర్ ఇల్లు ఖాళీ చేసి టాటీబంధ్‌లో కూతురి రెండు గదుల ఇంటికి వెళ్లాలి. అక్కడ పళ్లాలకు చోటు లేదు. ఊళ్లో ఒక చిన్న మ్యూజియం అన్నీ తీసుకుంటానంది, కానీ పట్టికకూ పళ్లాలకూ సరిపోవాలి. సరిపోకపోతే పాతసామాన్ల బండే.

పదకొండు రోజులు పట్టింది. ఒక్కో పళ్లాన్నీ దించి, దూదితో తుడిచి, కొలిచి, పట్టిక పుస్తకంలో రాసి, నంబరు చీటీని దారంతో కట్టాడు. జిగురు పెడితే బంగారు పూత లేస్తుందని ఆయనకు తెలుసు.

శనివారం సాయంత్రం నాలుగింటికి మ్యూజియం నుంచి భావన వచ్చింది. పళ్లాలన్నీ లెక్కపెట్టింది.

"అంకుల్, పుస్తకంలో నంబర్లు నూట ముప్ఫై ఎనిమిది. పళ్లాలు నూట ముప్ఫై తొమ్మిది. గిన్తీ కుదర్లేదు, లెక్క తేడా వచ్చింది."

దానయ్య పుస్తకం తిప్పాడు. అరవై ఒకటో నంబరు: నెమలి, నీలం అంచు, రెండు.

"ఒకే రకం కదమ్మా. స్టోర్లో ఒకే రకానికి ఒకే నంబరు వేస్తాం."

"ఇవి నట్లు, బోల్టులు కావు అంకుల్. ఒక పళ్లానికి ఒక నంబరు. ఇక్కడే తప్పుంటే మిగతావి ఎలా నమ్మను? ఐదింటికి మా మ్యూజియం బండి వెళ్లిపోతుంది."

ప్రమీల కుర్చీ అంచు పట్టుకుంది. "నా నెమళ్లని బోల్టుల్లో కలిపేశారా దానయ్యగారూ?"

రెండు పళ్లాలనూ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కళ్లు మూసుకుని ఈకల మీద బొటనవేలు నడిపాడు. ఒకదాని మీద రంగు గట్టులా తగిలింది. రెండోది నున్నగా జారిపోయింది.

"ఇది చేత్తో వేసింది. అది అచ్చు," అన్నాడు. "తప్పు నాదే. చూపుకి ఒకటిగా ఉంటే చేత్తో చూడలేదు."

"మొదటిది మా అత్తగారిది," అంది ప్రమీల మెల్లగా. "జత అనుకుని రెండోది నేనే కొన్నాను."

ఆయన అచ్చు పళ్లానికి నూట ముప్ఫై తొమ్మిది అని కొత్త చీటీ కట్టి, పుస్తకంలోనూ రాసి, అరవై ఒకటి పక్కనున్న ‘రెండు’ కొట్టేసి, పక్కనే సంతకం పెట్టాడు.

భావన అయిదు పళ్లాలు తన ఇష్టమొచ్చినట్టు తీసింది. మూడు పుస్తకంతో సరిపోయాయి. నాలుగో దాని అంచు మీద వేలు ఆగింది.

"ఇక్కడ పగులుంది."

"పుస్తకంలో తొంభై నాలుగు చదవమ్మా."

"వెంట్రుకంత పగులు. రెండంగుళాలు." ఆమె స్కేలు పెట్టింది. రెండే. అయిదోదీ సరిపోయింది. పెన్ను తీసి సంతకం చేసింది. అయిదింటికి పది నిమిషాలుంది.

చివరి పెట్టె కడుతుంటే ప్రమీల చెయ్యి అచ్చు నెమలి మీదికి వెళ్లింది. "ఇదొక్కటీ ఉంచుకోనా?"

"ఉంచుకుంటే గిన్తీ మళ్లీ తప్పుతుంది సిస్టరమ్మా," అని దానయ్య గడ్డి సర్ది మూత వేశాడు.