ఎనభై పుట్ల విమానం

ఆ రోజుల్లో మా ఇంట్లో కోడళ్ళ విలువ ఒంటి మీద బంగారాన్ని బట్టి కాదు, మొగుళ్ళు సరుకెక్కించే విమానాన్ని బట్టి ఉండేది. వాకాడు పక్కన వరి చేలు, రొయ్యల గుంటలు తప్ప మరో లోకం ఎరగని ఊళ్ళో మాది అలాంటి ఇల్లు. మా బావగారూ మా ఆయనా ఇద్దరూ వాయుసేనలోనే, సైన్యానికి సామాను మోసే విమానాల దగ్గర పని. బావగారిది అప్పుడే కొత్తగా వచ్చిన పెద్ద విమానం, ఢిల్లీ అవతల ఎక్కడో ఉండేది. మా ఆయనది రెండు పంకాల పాత విమానం, మద్రాసు దగ్గర. నేను రెండో తరగతి దాటలేదు, మా తోటికోడలు పది పాసైంది. (ఇప్పుడు నేను చెబుతుంటే రాస్తున్నదీ ఆమే. ఫస్టు క్లాసులో పాసైనట్టు కలపమంటోంది. కలపను.)

నా కుళ్ళు మొదలైంది మా అత్త వేసిన ఒక్క ప్రశ్నతో. అన్నదమ్ములిద్దరూ సెలవుకొచ్చి భోజనానికి కూర్చున్నప్పుడు, "ఒరే అబ్బయా, నీ విమానంలో వడ్లు ఎన్ని పుట్లు పడతాయి?" అని పెద్దకొడుకునడిగింది. మా నెల్లూరు వైపు ఎంత పెద్ద బరువైనా పుట్టితోనే కొలత, పుట్టి అంటే ఎనిమిది వందల యాభై కిలోలు. బావగారు వేళ్ళ మీద లెక్కేసి "ఎనభై దాకా పడతాయమ్మా" అన్నాడు. మా ఆయన్ను అడిగితే, చేప ముల్లు తీసుకుంటూ, సిగ్గూ శరం లేకుండా, "మాది ఏడో ఎనిమిదో" అన్నాడు. ఆ రోజు నుంచి పులుసులో చేప తలకాయ మా తోటికోడలి కంచంలోకి, తోక నా కంచంలోకి వచ్చేవి. సాయంత్రం ప్రార్థనలో కూడా అంతే. "ప్రభువా, మా పెద్దోడి విమానానికి మబ్బులు అడ్డం రాకుండా, ఇంజన్లు అలిసిపోకుండా" అని మోకాళ్ళు నొప్పెట్టేదాకా వేడుకొని, చివర్లో "చిన్నోడి విమానాన్ని కూడా" అనేది. ఆ 'కూడా' నా గుండెల్లో ముల్లులా దిగేది.

ఊరుకోలేక మా ఆయనకు ఫోన్ చేసి, "నీ దాంట్లో గొప్పేముందో ఒక్కటి చెప్పయ్యా" అన్నాను. "పెద్దది దిగలేని చిన్న మట్టిబాట మీద కూడా మాది దిగతాది. అది కూడా లేని కొండల్లో ఉప్పూ బియ్యం గొడుగులు కట్టి కిందికి వదులుతాం" అన్నాడు. మర్నాడు కుళాయి దగ్గర ఆ మాటకు ఇంకొంచెం చేర్చి, "మా ఆయన విమానం మన కళ్ళంలో దిగతాది. మీ దానికి నెల్లూరు రోడ్డంతా కావాల" అన్నాను. మా తోటికోడలు బిందె సర్దుకుంటూ, "కళ్ళంలో దిగి ఏం చేస్తాది మే, పిడకలు ఏరుకుంటాదా?" అంది.

మాట మాట పెరిగి చివరకు కళ్ళంలోనే తేల్చుకుందామన్నాము. కోతలైపోయి కళ్ళం ఖాళీగా ఉంది. మొగుళ్ళకు ఫోన్లు చేసి కొలతలడిగి, పొయ్యిలో బూడిద తట్టలకెత్తుకొని, మీటరుకో అంగ చొప్పున వేసుకుంటూ గీతలు గీశాము. నా విమానం రెక్క కొస నుంచి రెక్క కొసకు ముప్పై అంగల్లో బుద్ధిగా కళ్ళంలో సరిపోయింది. ఆమెది యాభై దాటింది. ఒక రెక్క పక్కవాళ్ళ గడ్డివామి దగ్గరికి, ఇంకొకటి రొయ్యల గుంట గట్టు మీదికి పోయింది. "ఆ బర్రెను విప్పన్నా, మా ఇంజను మీద కట్టేసినావు" అని ఆమె పక్కింటాయన్ను కేకేస్తుంటే ఊరు ఊరంతా వచ్చింది. మా అత్త కర్ర ఊనుకుంటూ వచ్చి రెండింటినీ కలయజూసి, "చిన్నోడిది పక్కన దూడ మాదిరి ఉండాదే" అంది. అందరూ నవ్వారు. ఆ పూట నేను తోక ముక్క కూడా తినలేదు.

ఆ శనివారం మా ఆయన ఎప్పటిలాగే గూడూరులో రైలు దిగి, వాకాడు బస్సు పట్టుకొని వచ్చాడు. నెలకోసారి వచ్చేవాడు. చెప్పులు విడవకముందే, "నువ్వూ పెద్దదానికి మార్పించుకో" అన్నాను.

"ఢిల్లీ అవతలికి పోవాల. ఇంకో ఆరేళ్ళు ఉంటానని రాసియ్యాల."

"రాసియ్యి."

"నెల నెలా రాలేను మే."

"రావద్దు."

చెప్పులు విడిచి, సోమవారం అర్జీ పెడతాలెమ్మన్నాడు. ఆదివారం సాయంత్రం ఎండు నెత్తళ్ళ చేపల పొట్లం సంచిలో పెట్టుకొని వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున్నే కుళాయి దగ్గర చాటింపు వేశాను. మా తోటికోడలి మొహం మాడిపోతుందని కాచుకొని ఉన్నాను. ఆమె బిందె కింద పెట్టేసింది. "పిచ్చిదానా, నెలకొకసారి మీ ఆయన బస్సు దిగతాడు. ఆ హారను ఇనపడినప్పుడల్లా నేను దొడ్లోకి పోయి, తోమిన గిన్నెలే మళ్ళీ తోముకుంటా. నా మొగుడి విమానంలో ఎనభై పుట్లు పడతాయి గానీ, ఏడాదికి రెండుసార్లు కూడా ఒక్క మనిషిని ఇంటికి తేలేదు అది" అంది. (ఈ మాట రాసేటప్పుడు కలం ఆగింది. "కొట్టేద్దామా అక్కా?" అన్నాను. వద్దంది.)

నిజం చెబుతున్నాను, ముందు నాకు సంతోషమే వేసింది, నన్ను చూసి కుళ్ళుకునే మనిషి కూడా ఉందా అని. బిందె నిండేలోపు అది భయమైంది. నీళ్ళు అక్కడే వదిలేసి, సిగ్నలు కోసం రొయ్యల గుంట గట్టెక్కి ఫోన్ కొడుతూనే ఉన్నాను. మధ్యాహ్నానికి గానీ ఎత్తలేదు.

"అర్జీ ఇచ్చేసినావా?"

"ఫారం తెచ్చుకున్నా. నెత్తళ్ళ పొట్లం చినిగిపోయుంటే దాంట్లో చుట్టినా. ఇప్పుడు దాన్ని ఆఫీసరు ముక్కు కింద పెట్టమంటావా?"

గట్టు మీదే కూర్చొని ఏడ్చాను. ఆయన నవ్వుతున్నాడు.

చివరిదాకా ఆయనది చిన్న విమానమే, వాకాడు బస్సే. ఆయన పోయి నాలుగేళ్ళు. బావగారు పోయినేడు రిటైరై వచ్చాడు. ఎనభై పుట్ల విమానం ఆఖరికి ఒక్క మనిషిని దించింది. పొద్దస్తమానం కుర్చీ కదలడని, గంటకోసారి కాఫీ అంటాడని మా తోటికోడలు నా దగ్గర విసుక్కుంటుంది. విసుక్కున్నప్పుడల్లా నా గుండెల్లో మళ్ళీ ముల్లు కదులుతుంది.

ఇందాక కూడా లోపలి నుంచి కాఫీ కేక వినబడింది. "ప్రాణం తీస్తాడు" అంటూ ఆమె కలం పెట్టేసి వెళ్ళింది. నాకూ ఒక గ్లాసు తెచ్చిచ్చి, మళ్ళీ కూర్చొని, "యాడ ఆపినామే?" అంది.

"నా కుళ్ళు కాడ."

"అది మొదట్లోనే రాసేసినాం గదా."

"అది పాతది. ఇది కొత్తది, రాయి" అన్నాను.