నిజాంసాగర్ ఒడ్డున మా బావ డేరా

డెబ్బైల చివర్లో ఒక ఎండాకాలం. హైదరాబాదులో మా అక్కకు కడుపు ఆపరేషన్ అయింది. రెండు నెలలు బరువులెత్తొద్దని, బాగా విశ్రాంతి తీసుకోవాలని దవాఖానలో చెప్పారు. తెచ్చి బాన్సువాడలో మా ఇంట్లో దింపితే సరిపోయేది. మా బావకు అది ఆనలేదు. నీటి ఒడ్డున డేరా వేసుకొని ఉంటే నరాలు చల్లబడతాయని వాళ్ల ఆఫీసులో పెద్దసారు అన్నాడట. ఇద్దరు దోస్తులను, ఒక జీపును, కిరాయి డేరాను వెంటబెట్టుకొని దిగాడు.

"గిదంతా మీ బిడ్డ కోసమే గదా అత్తమ్మా," అన్నాడు మా అమ్మతో.

అక్కకు తోడుగా నన్ను పంపారు. అప్పటికి నేను టీచర్ ట్రైనింగ్ ముగించి ఇంట్లోనే ఉన్నాను.

ఆ ఏడు నిజాంసాగర్ నీళ్లు బాగా వెనక్కి పోయాయి. తేలిన నేలలో జనం పుచ్చపాదులు పెట్టుకున్నారు. వాటి పక్కన మగవాళ్లు ముగ్గురూ గంటన్నర సేపు తాళ్లతో కుస్తీ పట్టారు. చివరికి జీపు డ్రైవరే డేరా నిలబెట్టాడు. అంత కష్టపడ్డందుకు ముగ్గురూ దుప్పటి పరిచి పేకాటకు కూర్చున్నారు.

"అబ్బ, ఏం గాలి! జర చాయ్ పెట్టు," అన్నాడు బావ అక్కతో.

చాయ్ తర్వాత రొట్టెలు, రొట్టెల తర్వాత మళ్లీ చాయ్. అక్క పొయ్యి ముందు కూర్చుని, ఒక చేత్తో కుట్లు పడిన చోట అదుముకుంటూ రొట్టెలు కాల్చింది. నేను వాళ్ల కంచాలు తోమాను. ఒక్క మాట అనలేదు. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత.

మర్నాడు పొద్దెక్కాక బావ గంపెడు చేపలు కొనుక్కొచ్చి అక్క ముందు పెట్టాడు. "ఇగ పులుసు నీ చేతిదే కావాలె. దోస్తులకు మాటిచ్చిన."

అక్క ఆ గంపను కాసేపు చూసింది. లేచి, చెప్పులేసుకొని పుచ్చతోట గుడిసె వైపు నడిచింది. వెనకాలే పరుగెత్తాను.

"ఏడికే అక్కా?"

"పండుకోవాలె."

తోట కాసే ముసలమ్మ అక్కను చూసి లోపలికి రమ్మంది. చాప పరిచి, పండు కోసి పెట్టింది. రెండు ముక్కలు తిని అక్క నిద్రపోయింది. నేను ఈగలు తోలుతూ కూర్చున్నాను.

మిట్టమధ్యాహ్నం బావ వచ్చాడు.

"ఏంది గిది? దోస్తులు ఆకలితోని ఉన్నరు."

"పండుకున్నది బిడ్డా, లేపకు," అంది ముసలమ్మ.

"చేపలు పాడైతయి అవ్వా!"

"అయితే నువ్వు కడుగు. చేతులు లేవా?"

బావ నా వైపు చూశాడు. నేను లేవలేదు. ఎండలో ఒక్కడే డేరాకు తిరిగి వెళ్లిపోయాడు. చేపలు ఎవరూ కడగలేదు. సాయంత్రానికి డేరా విప్పేశారు.

అక్క రెండు నెలలు మా ఇంట్లోనే ఉంది. బావ మాత్రం కనిపించిన వాళ్లందరికీ నిజాంసాగర్ గాలి గురించి, భార్య ఆరోగ్యం కోసం తాను పడిన శ్రమ గురించి ఏళ్ల తరబడి చెప్పుకున్నాడు. మరుసటి ఎండాకాలం మళ్లీ డేరా మాట ఎత్తాడు.

"నేను రాను. నువ్వు పోయి రా," అంది అక్క.

ఆయన ఆ ఏడు ఇల్లు కదల్లేదు.