కృష్ణబిలానికి తీసిన దిష్టి

ఆ రోజుల్లో లోకమంతా అసూయపడేంత పెద్ద పని చేస్తున్నానని నాకు గట్టి నమ్మకం. మా నానమ్మకూ సరిగ్గా అదే నమ్మకం ఉండటంతోనే వచ్చింది చిక్కంతా.

అప్పుడు నేను పరిశోధక విద్యార్థిని. మిరప కోతలకని ప్రత్తిపాడు వచ్చాను (కోసిందేమీ లేదు, నీడన కూర్చుని టీ తాగడమే). వచ్చానో లేదో, ఏళ్ళ తరబడి సద్దు చేయకుండా పడున్న ఒక కృష్ణబిలం ఉన్నట్టుండి మేలుకుంది. జంట నక్షత్రం నుంచి వాయువును లాక్కుంటోంది. ఆ వాయువు దాని చుట్టూ సుడి తిరుగుతూ, కాగిపోయి ఎక్స్-రేలు చిమ్ముతోంది. కొన్ని వారాల్లో చల్లారిపోతుంది, మళ్ళీ ఎన్నేళ్ళకో! ఉపగ్రహంలోని టెలిస్కోపును వెంటనే అటు తిప్పించుకోవాలి. తిప్పాలా వద్దా అని తేల్చే కమిటీతో వీడియోలో నేనే మాట్లాడాలి. వాళ్ళు కాదంటే నా థీసిస్ గంగలో కలిసినట్టే.

అన్నం మానేసి గోడలతో మాట్లాడుతూ సాధన చేస్తుంటే నానమ్మ చూసింది. "ఏమే, ఏందే ఆ గొణుగుడు?" అంది. సంగతి చెప్పాను. "అంటే ఆ నల్లది పక్కదాన్ని పీక్కుతింటా ఉంటే నువ్వు చూస్తా కూర్చుంటావా? విడిపించొద్దూ?" అంది. అది మనవల్ల కాదన్నాను. "మరి నీకెందుకే అంత దిగులు? ఇది దిష్టే" అని తేల్చేసి, మీటింగుకు ముందు ఉప్పూ మిరపకాయలూ నా చుట్టూ తిప్పి వెళ్ళింది. పెద్దావిడ ముచ్చట, పోనీలే అనుకున్నాను. వాటిని నిప్పుల్లో వేస్తుందన్న సంగతే మర్చిపోయాను.

మా ఇంట్లో సిగ్నల్ వచ్చేది పెరటి కిటికీ దగ్గరే. కిటికీ అవతలే నీళ్ళ పొయ్యి. మామూలుగా నాలుగు కాయలు వేస్తారు. ఆకాశం నుంచి తగిలిన దిష్టి కదా అని మా నానమ్మ కల్లంలోంచి మహా ఘాటైన తేజ రకం కొత్త కాయలు గుప్పెడు తెచ్చి వేసింది. "ఈ అవకాశం పోతే..." అంటున్నాను నేను. గొంతు పట్టేసింది. కళ్ళ వెంట ధారలు. "పోతే... మళ్ళీ..." అంటూ కళ్ళు తుడుచుకున్నాను. తెర మీది పెద్దల్లో ఒకాయన, "ఏడవకమ్మా, పని మీద ఇంత ప్రాణం పెట్టుకున్నవాళ్ళను చూసి చాలా కాలమైంది" అన్నాడు. అయ్యో, మిరపకాయలండీ అని చెప్పబోతే దగ్గు చెప్పనిస్తేనా! పెరట్లో నానమ్మ కూడా దగ్గుతూనే, "ఘాటొచ్చిందే! అయితే దిష్టి కాదు, ఒట్టి చదువే" అని నీరుగారిపోయింది (దిష్టి ఉంటే ఘాటు రాదని మావాళ్ళ లెక్క).

సాయంత్రం మెయిల్ వచ్చింది. టెలిస్కోపు తిప్పుతారట. కిటికీ దగ్గరే నిలబడి చదువుకున్నాను, మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

ఇప్పుడు నాకు ఇలాంటి అనుమతులు సులువుగానే వస్తాయి. చదివి, సరే అనుకుని, ఇంకో పనిలో పడిపోతాను. అప్పుడల్లా కిటికీ దగ్గరి ఆ పిల్ల గుర్తొచ్చి ముచ్చటేస్తుంది. ఆ సాయంత్రం నానమ్మ నా మొహం చూసి కంగారుగా పొయ్యిలో చెయ్యి పెట్టి చూసింది. "చల్లారి ఎంతసేపయిందే! ఇంకా ఎందుకే ఏడుస్తన్నావు?" అంది.