గోల్ఫు మాస్టరు ఓడిన రోజు

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో మా ఆయన అక్కడ చిన్న ఇంజనీరు. ఆఫీసులు చాలావరకు గుడారాల్లోనే నడిచేవి. ఆయన పై అధికారి భార్యకు గోల్ఫు నేర్చుకోవాలనిపించింది. మగవాళ్ళ మధ్యకు ఒంటరిగా పోలేక నన్ను తోడు రమ్మన్నారు. మైదుకూరు దగ్గర సేద్యగాళ్ళ ఇంట పుట్టిన నాకు ఆ ఆట పేరైనా తెలియదు. కాదనే ధైర్యం మా ఆయనకు లేదు. కొంగు నడుముకు బిగించి పోయాను.

ఊరి బయట రాళ్ళు ఏరేసిన బీడు. గడ్డిపరక లేదు. బంతి పడాల్సిన ఒక్కో గుంట చుట్టూ మాత్రం ఇసుకలో వాడేసిన ఇంజను నూనె కలిపి నున్నగా చదును చేశారు. నేర్పే ఆయన్ని అందరూ మాస్టరనేవారు. డోన్ పక్క పల్లెలో పుట్టిన క్రైస్తవుడు. చిన్నప్పుడే బెంగుళూరు పోయి, క్లబ్బులో దొరల వెంట కర్రల సంచి మోస్తూ ఆట పట్టుకుని, చివరికి ఆ దొరలకే నేర్పాడట. వాళ్ళు దేశం విడిచిపోయాక ఇటు వచ్చేశాడు.

మొదటిరోజు కర్ర చేతికిచ్చి, "కొట్టమ్మా" అన్నాడు.

"బంతి యాడన్నా?"

"బంతి లేదు. ఊరికే కొట్టు."

చాలా రోజులు ఉత్త గాలినే కొట్టాను. తర్వాత బంతి పెట్టాడు. నేను కొట్టింది గాల్లోకి లేచి ఎంతో దూరం పోయింది. మాస్టరు పెదవి విరిచాడు. అధికారి భార్య దుమ్ము మాత్రం లేపారు. బంతి కదల్లేదు. "శానా బాగుండాది తల్లీ" అన్నాడు. పెద్దింటి మనిషని మెచ్చుకున్నాడనుకున్నాను. కానీ ఇంకోరోజు నా బంతి పక్కకు దొర్లిపోతే నన్నూ అలాగే మెచ్చుకున్నాడు. ఉండబట్టలేక అడిగేశాను.

"ఏందన్నా ఇది? బంతి పోతే తప్పంటావు, పోకుంటే బాగుండాదంటావు!"

"బంతి యాడికి పోయిందో నేను సూడలేదమ్మా. నీ మెడ, భుజాలు సూస్తాండా. తల ఎత్తితే ఆట పోతాది."

అర్థమైనట్టే ఉండి, ఇంటికి చేరేలోగా కాకుండా పోయేది.

ఇంతలో మద్రాసు నుంచి గోల్ఫు బాగా ఆడే పెద్ద అధికారి ఒకరు వచ్చారు. ఆయనతో మాస్టరును ఆడించారు. మేమంతా చూడ్డానికి వెళ్ళాం. మాస్టరు ఆట చూసి నాకు మతిపోయింది. నడుం వంకర, కాళ్ళు ఎడం, కొట్టకముందే తల పైకి. మమ్మల్ని వద్దన్నవన్నీ తాను చేస్తున్నాడు. బంతి మాత్రం గీత గీసినట్టు పోతోంది.

తక్కువ దెబ్బల్లో బంతిని గుంటల్లో వేసినవాళ్ళదే గెలుపట. ఆఖరి గుంట దాకా ఇద్దరూ సమానం. అతిథి ముగించేశాడు. మాస్టరు బంతి గుంటకు జానెడు దూరంలో ఉంది. ఒక్క దెబ్బలో పడితే ఆయనదే గెలుపు. చాలాసేపు నిలబడి మెల్లగా తట్టాడు. బంతి అంచు దాటి అటు పోయింది. మళ్ళీ తడితే ఇటు వచ్చేసింది. ఆట అతిథిదైపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"కావాలనే ఓడాడు. బతకాలి కదా" అన్నాడు మా ఆయన.

నాకు నమ్మబుద్ధి కాలేదు. మాస్టరు కర్రలు తుడుచుకుంటుంటే దగ్గరికి పోయాను.

"నిజం చెప్పన్నా, కావాలనే పోగొట్టినావా?"

ఆయన చేతులు చూసుకున్నాడు. "నాకే తెలీడంలేదమ్మా. బెంగుళూర్లో దొరలతో ఆడేప్పుడు గెలిస్తే పని పోతాదని నేనే తప్పుగా కొట్టేవాణ్ణి. కొన్నేండ్లకు గెలుద్దామనుకున్నా చెయ్యి వినలే. ఈ పొద్దు గెలవాలనే కొట్టినా. కొట్టినానా? ఏమో!"

ఓదార్చాలా, కోప్పడాలా? బెంగుళూరులో ఆ ఆటలు చూసినవాళ్ళు ఆయన్ని ఎన్నిసార్లు చేతకానివాడనుకున్నారో!

మర్నాడు ఏమీ జరగనట్టే వచ్చి, "తల దించమ్మా" అన్నాడు. దించాను. కానీ ఆ రోజు నుంచి కర్ర ఎత్తితే చాలు, నా చేయి నేను చెప్పినట్టు వింటోందా అన్న అనుమానం పట్టుకుంది. ఆట ముందుకు సాగలేదు.

రాజధాని హైదరాబాదుకు మారిపోయింది. మేమూ సామాను సర్దుకుని వెళ్ళిపోయాం. మాస్టరు డోన్ వైపు ఒక మిషను బడిలో పిల్లలకు డ్రిల్లు నేర్పుతున్నాడని ఆ తర్వాత ఎవరో చెప్పారు. మళ్ళీ ఎవరితోనైనా పోటీకి ఆడాడా అని అడిగాను. చెప్పినాయనకు ఆ సంగతి తెలియదు.