ఎవరు విప్పుతారండీ?

కొట్లో క్రిస్మస్ కానుకలకు రంగు కాగితాలు చుట్టే ఆవిణ్ణి అందరూ ప్యాకింగక్క అంటారు. మెడలో తాడుకు కత్తెర, ఎడమచేతి వేళ్లకు వరసగా అంటించుకున్న టేపు ముక్కలు. డబ్బాలో ఏముందో ఆవిడకు అనవసరం. "ఎవరు విప్పుతారండీ?" అని మాత్రం అడిగి తీరుతుంది. పసివాళ్లైతే ఒక్క లాగుడుకే చిరిగే పల్చటి కాగితం తీస్తుంది. చేతులు వణికే పెద్దవాళ్లైతే టేపు జోలికి పోకుండా రిబ్బనుతో జారుముడి వేస్తుంది.

మొన్న ఒకాయన శాలువా డబ్బా తెచ్చి, మెరిసే ఎర్ర కాగితం వైపు వేలు చూపించాడు. అక్క మామూలు ప్రశ్న అడిగింది. "మా అమ్మ. చూపు పోయి రెండేళ్లయింది. ఏ కాగితమైతే ఏముందిలెండి" అన్నాడాయన. అక్క చెయ్యి ఆగింది. "ఓసారి కళ్లు మూసుకోండి బాబూ" అంది. వెనకున్న జనాన్ని చూసి మొహమాటపడుతూనే ఆయన మూసుకున్నాడు. చెవి దగ్గర ఒక్కో కాగితాన్నీ మెల్లగా నలుపుతూ పోయింది అక్క. నాలుగోదానికి ఆయన మొహం విప్పారింది. "ఎండుటాకుల మీద నడుస్తున్నట్టుంది. ఇదే, ఇదే చుట్టండి!" కళ్లు తెరిచేసరికి అక్క చేతిలో ఉన్నది, ఈ నెలంతా ఒక్కరూ వేలు చూపించని ఖాకీ కాగితం.